ముందుకాలు కండరాలు ఒక్కటీ గుర్తుండటం లేదు, చదువు మానేయనా?

"డాక్టర్ గారికి నమస్కారం. మాది పలమనేరు దగ్గర పల్లె. నీట్ రాసి చెన్నైలో బీవీఎస్సీ (పశువైద్యం) సీటు తెచ్చుకున్నాను, ఇప్పుడు ఫస్ట్ ఇయర్. మిగతా సబ్జెక్టులు ఎలాగో నెట్టుకొస్తున్నా గానీ అనాటమీలో ముందుకాలు కండరాల దగ్గర ఆగిపోయాను. ఒక్కో కండరానికి ఆరిజిన్ (మొదలయ్యే చోటు), ఇన్సర్షన్ (అతుక్కునే చోటు), యాక్షన్, నెర్వ్ సప్లై, అది కూడా ఎద్దులో ఒకలా, గుర్రంలో ఒకలా, కుక్కలో ఒకలా. రాత్రి బట్టీ పట్టింది పొద్దున డిసెక్షన్ హాల్లో ఫార్మలిన్ వాసన తగలగానే ఎగిరిపోతుంది. మొన్న స్పాటింగ్‌లో (పిన్ను గుచ్చిన భాగం పేరు చెప్పే పరీక్ష) పదికి రెండు వచ్చాయి. ఇంటర్ దాకా నాది తెలుగు మీడియం. ఇక్కడ నా చుట్టూ అందరూ తమిళంలో మాట్లాడుకుంటూ చదువుకుంటారు, ఎవర్ని అడగాలో తెలీదు. నాయనకు నాలుగు ఆవులున్నాయి, వాటి పాల డబ్బే నాకు పంపుతున్నాడు. ఇంకో నెలలో ప్రాక్టికల్ పరీక్ష. ఈ చదువుకు నేను పనికొస్తానా, మానేసి ఇంటికి వెళ్ళిపోనా?"

అమ్మా, మానేయొద్దు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మిగతా సమాధానం పొడుగ్గా ఉంటుంది, అది చదివేదాకా నువ్వు టెన్షన్ పడుతూ కూర్చోకూడదు. నిన్ను నువ్వు అంటున్నాను, ఏమనుకోకు, మా అమ్మాయి వయసే నీది. పదికి రెండు వచ్చినందుకు నీ జ్ఞాపకశక్తిని తిట్టుకుంటున్నావు. నాకు కనిపిస్తున్నది వేరే. నీ ఉత్తరంలో పేర్లున్నాయి, పట్టికలున్నాయి, కాలు మాత్రం ఎక్కడా లేదు. పుట్టినప్పటి నుంచి ఆవుల మధ్య పెరిగినదానివి, ఆ ఆవు కాలికీ నువ్వు చదువుతున్న కండరాలకూ సంబంధం ఉన్నట్టు ఒక్క మాట కూడా రాయలేదు. అక్కడి నుంచే మొదలుపెడదాం.

ఈ ఆదివారం మీ హాస్టల్ దగ్గర ఏదైనా మటన్ కొట్టు ముందు పది నిమిషాలు నిలబడు. మాంసం తినకపోయినా పర్వాలేదు, చూడటానికే. వేలాడదీసిన మేక నుంచి వెనక కాలు తీయాలంటే కొట్టతను తుంటి దగ్గర కత్తి మొన తిప్పి, కీలు విడదీయాలి. ముందుకాలికి ఆ శ్రమ ఉండదు. జబ్బ ఎముకకూ పక్కటెముకలకూ మధ్య కత్తి దూర్చి, కాలిని పక్కకు లాగుతూ కోసుకుంటూ పోతాడు, కాలు మొత్తం చేతిలోకి వచ్చేస్తుంది. ఒక్క ఎముక తెగదు, ఒక్క కీలు విడదీయక్కర్లేదు. నేను పెరంబూరులో మా వీధి చివర కొట్టులో ఇది ఎన్నిసార్లు చూశానో, ఇప్పటికీ ఆగి చూస్తాను.

ఎందుకలా వస్తుంది? నీ మెడ కింద కాలర్ బోన్ తడిమి చూసుకో. మన చేతిని ఛాతీ ఎముకకు కలిపేది అదే. ఆవుకు, గుర్రానికి, మేకకు, పందికి అది లేదు. కుక్కలో బ్రాకియోసెఫాలికస్ కండరం మధ్యలో దాని గుర్తుగా ఒక గీత మిగిలింది. పిల్లిలో చిన్న పుల్లలాంటి ఎముక ఉంటుంది గానీ అది దేనికీ కీలుతో అతుక్కోదు, కండలో తేలుతుంటుంది. అంటే మన పశువుల ముందుకాలు ఒంటికి ఎముకతో కట్టి లేదు, కండరాలతో కట్టి ఉంది. దీన్నే మీ క్లాసులో సిన్‌సార్కోసిస్ అని రాయించి ఉంటారు, నువ్వు కూడా రాసుకుని ఉంటావు. గుర్రం గానీ కుక్క గానీ ఊరికే నిలబడి ఉన్నప్పుడు ఒంటి బరువులో సుమారు 60 శాతం ముందుకాళ్ళ మీదే పడుతుంది. అంత బరువునూ మోస్తున్నది కండలే అని మనసులో పడిందంటే, ఏ కండ ఎక్కడుండాలో చాలావరకు నువ్వే ఊహించి చెప్పగలవు.

ఊహించు. రెండు స్కాపులాలు, అంటే జబ్బ ఎముకలు, రెండు గుంజలు. వాటి మధ్య ఛాతీని ఉయ్యాలలాగా వేలాడదీయాలి. ఉయ్యాల గుడ్డ ఎక్కడి నుంచి ఎక్కడికి ఉండాలి? స్కాపులా లోపలి వైపు పై భాగం నుంచి, కిందికి దిగి, పక్కటెముకల దాకా. అదే సెర్రేటస్ వెంట్రాలిస్. మెడ వెన్నుపూసల నుంచి కొంత, మొదటి ఏడెనిమిది పక్కటెముకల నుంచి కొంత, రంపం పళ్ళలాగా మొదలై స్కాపులా లోపలికి ఎక్కుతుంది, సెర్రేటస్ అంటేనే రంపపు పళ్ళున్నది అని. ఎద్దులో, గుర్రంలో దీని ఛాతీ భాగం మీద గట్టి టెండన్ (కండను ఎముకకు కట్టే తాడు) పొర ఉంటుంది, ఎందుకంటే గంటల తరబడి నిలబడే పశువుకు ఒట్టి కండ చాలదు, అలిసిపోతుంది. ముందుకాలు మొత్తంలో ఒక్క కండరమే నేర్చుకునే టైముందంటే నేను ఇదే నేర్చుకోమంటాను.

మిగతావి ఈ ఉయ్యాల చుట్టూ కట్టిన తాళ్ళు. స్కాపులాను పైన వెన్నుకు పట్టి ఉంచేవి ట్రపీజియస్, దాని కింద రాంబాయిడియస్. ఇక్కడ కాస్త ఆగు. మీ నాయన ఆవుల్లో నాటు ఆవు ఒక్కటైనా ఉంటే దాని మూపురం మీద చెయ్యి పెట్టు. ఆ మూపురం ప్రధానంగా పెరిగిన రాంబాయిడియస్ కండే, మధ్యమధ్య కొవ్వుతో. ఒంగోలు గిత్త మూపురం చూసి మురిసిపోని తెలుగువాడు లేడు, దాని పేరు రాంబాయిడియస్ అని మాత్రం మనకు ఎవరూ చెప్పలేదు. జెర్సీ ఆవులోనూ అదే కండరం ఉంది, మూపురంగా పెరగలేదు అంతే. నీకు ఇక రాంబాయిడియస్ మర్చిపోవడం కుదరదు, చూడు.

కాలిని ముందుకు లాగే తాడు బ్రాకియోసెఫాలికస్. తల నుంచీ మెడ నుంచీ మొదలై హ్యూమరస్ (భుజానికీ మోచేయికీ మధ్య ఎముక) దాకా వస్తుంది. కాలు గాల్లో ఉంటే కాలిని ముందుకు లాగుతుంది, కాలు నేల మీద ఆని ఉంటే మెడను పక్కకు తిప్పుతుంది. ఒకే కండ రెండు పనులు ఎలా చేస్తుందని కంగారు పడకు, తాడుకు ఏ కొస కట్టేసి ఉంటే రెండో కొస కదులుతుంది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే యాక్షన్ అనే కాలమ్ సగం బట్టీ పట్టనక్కర్లేదు. దాని పక్కనే ఓమోట్రాన్స్‌వర్సేరియస్ అనే సన్నని పట్టీ. కాలిని వెనక్కు లాగేది లాటిసిమస్ డార్సై, పేరులోనే అన్నిటికన్నా వెడల్పైనది అని ఉంది, వీపు మీద విసనకర్రలా పరుచుకుని మొదలై, సన్నబడి, టెరెస్ మేజర్‌తో కలిసి హ్యూమరస్ లోపలి వైపు అతుక్కుంటుంది. కింద రొమ్ము నుంచి కాళ్ళు పక్కకు జారిపోకుండా లోపలికి పట్టి ఉంచేవి పెక్టోరల్ కండరాలు. తడి గచ్చు మీద ఆవు ముందుకాళ్ళు రెండు పక్కలకూ జారితే తెగేవి అవే. అంతే, ఒంటి నుంచి ముందుకాలికి కట్టిన కట్లు అయిపోయాయి.

ఇప్పుడు అసలు నువ్వు భయపడే భాగం, కాలి సొంత కండరాలు. ఇక్కడ నా సలహా ఒక్కటే, కండరాల పేర్ల వరసలో చదవకు, నరాల వరసలో చదువు. (మన ఇళ్ళల్లో టెండన్‌నూ నరమే అంటాం, నెర్వ్‌నూ నరమే అంటాం. ఇక్కడ నేను నరం అన్నచోటల్లా నెర్వ్ అనే అనుకో, టెండన్‌ను టెండన్ అనే అంటాను.) మెడ చివరి వెన్నుపూసల నుంచీ ఛాతీ మొదటి పూసల నుంచీ, అంటే C6 (మెడ ఆరోది) నుంచి T2 (ఛాతీ రెండోది) దాకా వచ్చిన నరాలు కలిసి బ్రాకియల్ ప్లెక్సస్ అనే నరాల అల్లిక అవుతాయి. అందులోంచి కాలిలోకి దిగే ముఖ్యమైన నరాలు పట్టుమని ఏడెనిమిది. ఒక్కో నరం ఒక్కో పని చేసే జట్టును నడిపిస్తుంది, అందుకే జట్టు తెలిస్తే నరమూ, పనీ రెండూ ఒకేసారి వచ్చేస్తాయి.

సుప్రాస్కాపులార్ నరం తీసుకో. స్కాపులా మీద నిలువుగా ఒక గట్టు ఉంటుంది కదా, స్పైన్. దాని ముందున్నది సుప్రాస్పైనేటస్, వెనకున్నది ఇన్‌ఫ్రాస్పైనేటస్. రెంటికీ ఇదే నరం. మన పశువుల భుజం కీలుకు పక్కల పట్టి ఉంచే లిగమెంట్లు (ఎముకను ఎముకకు కట్టే పట్టీలు) లేవు. ఆ పని బయటి వైపు ఇన్‌ఫ్రాస్పైనేటస్, లోపలి వైపు సబ్‌స్కాపులారిస్ చేస్తాయి. ఇప్పుడు ఆ నరం స్కాపులా మెడ ముందు అంచు చుట్టూ తిరిగి వెళ్ళే దారి చూడు, ఎముకకు ఆనుకుని, ఏ రక్షణా లేకుండా. బండి లాగే గుర్రానికి కాలర్ సరిగ్గా కుదరకపోయినా, భుజం దేనికైనా గట్టిగా కొట్టుకున్నా ఆ నరం అక్కడే నలిగిపోతుంది. కొన్ని వారాల్లో రెండు కండలూ కరిగి, ఆ గట్టు చర్మం కింద కర్రలా తేలుతుంది, నడుస్తుంటే భుజం బయటికి తూలుతుంది. గుర్రాల్లో దీన్ని స్వీనీ అంటారు. ఆ గుర్రాన్ని ఒక్కసారి మనసులో చూసుకున్నావంటే ఆ నరమూ, రెండు కండలూ, వాటి పనీ నాలుగూ కలిసి గుర్తుంటాయి.

ఆక్సిలరీ నరం భుజాన్ని మడిచే జట్టుది, డెల్టాయిడియస్, టెరెస్ మేజర్, టెరెస్ మైనర్. మస్క్యులోక్యుటేనియస్ మోచేయిని మడిచే జట్టుది, బైసెప్స్, బ్రాకియాలిస్, వాటితో పాటు కొరాకోబ్రాకియాలిస్. ఈ రెండు నరాల దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు.

రేడియల్ దగ్గర ఆగాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో తిరువళ్ళూరు వైపు ఒక పల్లెలో పెద్ద ఆవుకు పొదుగు పక్కన తీగ చీరుకుపోతే కుట్టడానికి తాళ్ళతో పడేశాం. సిమెంట్ గచ్చు. కింద గడ్డి గానీ గోనెలు గానీ వేయించాలన్న ఆలోచన నాకు రాలేదు, కుట్ల మీదే ధ్యాస. గంటన్నర పైనే ఒకే పక్కన ఉంచేశాను. లేపాక ఆవు ఆ పక్క ముందుకాలు మోపలేకపోయింది. మోచేయి కిందికి జారిపోయింది, కాలు వేలాడుతోంది, గిట్ట ముందు వైపు నేలకు ఆని రాసుకుంటోంది. ఇంటావిడ నా వైపు చూసి "కాలు విరిగిందా మేడం?" అంది. ఆ చూపు ఇప్పటికీ నాకు గుర్తుంది. విరగలేదు. రేడియల్ నరం హ్యూమరస్ వెనక నుంచి బయటికి, బ్రాకియాలిస్ కండ పక్కన గాడిలో మెలి తిరిగి వస్తుంది. ఆ భారీ శరీరం కింద, గట్టి నేలకూ ఎముకకూ మధ్య, అది నలిగిపోయింది.

ఆ రోజు ఆ ఆవు కాలే నాకు రేడియల్ జట్టు మొత్తాన్ని చూపించింది. మోచేయి ఎందుకు జారింది? ట్రైసెప్స్ పోయింది కాబట్టి, దానితో పాటు ఆంకోనియస్, టెన్సర్ ఫాషియే యాంటీబ్రాకై. మోచేయిని చాచి ఉంచేవి అవే, అవి లేకపోతే కాలు బరువు మొయ్యదు. గిట్ట ఎందుకు మడిచిపోయింది? కార్పస్‌నూ (ముందు మోకాలినీ) వేళ్ళనూ చాచే కండలన్నీ, ఎక్స్‌టెన్సార్ కార్పై రేడియాలిస్ మొదలుకొని కామన్, లేటరల్ డిజిటల్ ఎక్స్‌టెన్సార్ల దాకా, రేడియల్ నరానివే కాబట్టి. అంటే కాలిని నిలబెట్టే జట్టంతా ఒక్క నరం చేతిలో ఉంది. ఇంకో సంగతి, దెబ్బ కిందెక్కడో, ట్రైసెప్స్‌కు కొమ్మలు వెళ్ళిపోయాక తగిలితే మోచేయి బాగానే ఉంటుంది, గిట్ట మాత్రమే మడుస్తుంది, చేత్తో గిట్టను సరిగ్గా పెడితే పశువు బరువు మోస్తుంది. దెబ్బ పైనా కిందా అని చెప్పడానికి అనాటమీ తప్ప వేరే పరికరం అక్కర్లేదు. ఆ ఆవుకు మెత్తగా పక్క వేయించి, రోజూ వెళ్ళి చూశాను, పన్నెండో రోజుకు కాలు మోపింది. ఆ తర్వాత గడ్డి పరవకుండా నేను ఏ పశువునూ పడేయలేదు.

మీడియన్, అల్నార్ నరాలు కార్పస్‌నూ వేళ్ళనూ మడిచే జట్టువి, కాలి వెనక వైపువి. ఇవి దెబ్బతిన్నా నడకలో మరీ పెద్ద తేడా రాదు, ఎందుకంటే నిలబడటానికి చాచే జట్టు మిగిలే ఉంది. ఒక తేలిక గుర్తు చెప్తాను, చాచేవి ఎక్కువగా హ్యూమరస్ బయటి వైపు బుడిపె నుంచి మొదలవుతాయి, మడిచేవి లోపలి వైపు బుడిపె నుంచి. దీనికి ఎదురు తిరిగేది అల్నారిస్ లేటరాలిస్, కొన్ని పుస్తకాల్లో ఎక్స్‌టెన్సార్ కార్పై అల్నారిస్ అని ఉంటుంది. బయటి బుడిపె నుంచే మొదలవుతుంది, నరం రేడియలే, ఎద్దులో, గుర్రంలో చేసే పని మాత్రం కార్పస్‌ను మడవడం. వైవాలో ఇది అడగకుండా వదిలే ఎగ్జామినర్‌ను నేను చూడలేదు.

ఇక జాతికో తేడా అన్నావే, అది విడిగా బట్టీ పట్టే భాగం అసలు కాదు. ఆ పశువు కాలితో ఏం చేస్తుందో అడుగు, తేడా దానంతట అదే తెలుస్తుంది. పిల్లి చెట్టెక్కుతుంది, పంజా తిప్పి కొడుతుంది, కుక్క ఎముకను రెండు కాళ్ళతో పట్టుకుని కొరుకుతుంది. వాటికి మన చెయ్యిలాగా ముంజేయి తిప్పే అవసరం ఉంది, అందుకే ముంజేయి రెండెముకలు రేడియస్, అల్నా విడివిడిగా ఉన్నాయి, తిప్పే కండలు సూపినేటర్, ప్రొనేటర్ టెరెస్ బాగా ఉన్నాయి. గుర్రం పరిగెత్తుతుంది, తిప్పే పని లేదు. రెండెముకలూ కలిసిపోయాయి, సూపినేటర్ లేదు, ప్రొనేటర్ టెరెస్ మోచేయి లోపలి లిగమెంట్‌లో భాగంగా మిగిలిపోయింది. ఎద్దుకు రెండు వేళ్ళు, 3వది, 4వది. అందుకే కామన్ డిజిటల్ ఎక్స్‌టెన్సార్‌కు రెండు కండ పాయలు, ఒకటి లోపలి వేలికి మాత్రమే, రెండోది చీలి రెండు వేళ్ళకూ, బయటి వేలికి లేటరల్ డిజిటల్ ఎక్స్‌టెన్సార్ వేరే ఉంది. గుర్రానికి ఒకే వేలు, ఈ పంపకం గొడవ అక్కడ లేదు.

గుర్రం గురించి ఇంకొంచెం చెప్పకుండా ఉండలేను. ఒక సాయంత్రం మెరీనాకు వెళ్ళు, ఇసుకలో సవారీ గుర్రాలుంటాయి, గిరాకీ లేనప్పుడు అవి తల వాల్చి నిలబడే కునుకు తీస్తాయి. కండలతోనే నిలబడితే అలా నిద్రపోవడం కుదురుతుందా? గుర్రం బైసెప్స్ లోపల, పైనుంచి కిందిదాకా, గట్టి టెండన్ తాడు ఒకటి ఉంది. స్కాపులా చివరి బుడిపె దగ్గర మొదలై, హ్యూమరస్ ముందు నుంచి దిగి రేడియస్‌కు అతుక్కుంటుంది, అక్కడితో ఆగకుండా లాసెర్టస్ ఫైబ్రోసస్ అనే పట్టీగా ఎక్స్‌టెన్సార్ కార్పై రేడియాలిస్‌లో కలిసి కార్పస్ దాకా పోతుంది. ఒంటి బరువు భుజాన్ని మడవబోతే ఈ తాడు బిగుస్తుంది, బిగిస్తే కార్పస్ ముందుకు కుంగదు. కింద వెనక వైపు సుపర్‌ఫిషియల్, డీప్ ఫ్లెక్సార్ (మడిచే) టెండన్లు తమ చెక్ లిగమెంట్లతో, వాటి కింద సస్పెన్సరీ లిగమెంట్, గిట్ట పై కణుపు నేలకు కుంగకుండా పట్టుకుంటాయి. ఆ సస్పెన్సరీ లిగమెంట్ అసలు ఇంటరాసియస్ అనే కండరం, కుక్కలో ఇప్పటికీ కండే, దూడలో కండా టెండనూ కలిసి ఉంటుంది, గుర్రంలో దాదాపు మొత్తం టెండన్ అయిపోయింది. గుర్రం కార్పస్ కింద తడిమితే కండ అన్నది చేతికి తగలదు. బరువంతా పైన, కింద సన్నగా, అందుకే ఆ కాలు అంత తేలిగ్గా ఊగుతుంది. గాఢ నిద్రకు మాత్రం గుర్రం కూడా పడుకోవాల్సిందే.

పేర్ల సంగతి. తెలుగు మీడియం అని బాధపడుతున్నావు, ఈ పేర్లు ఇంగ్లీషు కూడా కాదమ్మా, లాటిన్. నీ పక్కన తమిళం మాట్లాడే పిల్లలకూ, ఇంగ్లీషు మీడియం వాళ్ళకూ ఇవి నీకెంత కొత్తో అంతే కొత్త. అర్థం తెలుసుకుని చదువు. సుప్రా అంటే పైన, ఇన్‌ఫ్రా అంటే కింద, టెరెస్ అంటే గుండ్రనిది, ట్రైసెప్స్ అంటే మూడు తలలది. కుక్కలో ట్రైసెప్స్‌కు నాలుగో తల కూడా ఉంది, దానికి యాక్సెసరీ అని పేరు. బైసెప్స్ అంటే రెండు తలలది, కానీ మన పశువుల్లో దానికి ఒకే తల. పేరు మనిషి చెయ్యిని చూసి పెట్టారు, పశువుకు అలాగే ఉండిపోయింది. ట్రైసెప్స్‌లో లాంగ్ హెడ్ ఒక్కటే స్కాపులా నుంచి వస్తుంది, మిగతావి హ్యూమరస్ నుంచి, కాబట్టి లాంగ్ హెడ్ భుజాన్ని కూడా మడవగలదు. ఇలాంటి చిన్న కారణాలు పక్కన రాసుకుంటూ పో, కారణం ఉన్నది పోదు.

ఇదంతా రేపు నీకు రోజూ పనికొస్తుందని కూడా చెప్పాలి, ఎందుకంటే ఎందుకు చదువుతున్నామో తెలియకే సగం నీరసం వస్తుంది. ఆవుకు మెడ సిర జుగులార్‌లో సెలైన్ ఎక్కించాలంటే గాడి ఎక్కడుంది? పైన బ్రాకియోసెఫాలికస్, కింద స్టెర్నోసెఫాలికస్, ఆ రెండు కండల మధ్య. గుర్రానికి మెడ పై భాగంలోనే సూది గుచ్చమని ఎందుకంటారు? అక్కడ ఓమోహయాయిడియస్ కండ జుగులార్‌కూ కెరోటిడ్ ధమనికీ మధ్య అడ్డుంటుంది. కిందికి పోతే ఆ అడ్డు లేదు, మందు ధమనిలోకి పోతే గుర్రం అక్కడికక్కడే కూలిపోవచ్చు. మెడ కండలో ఇంజెక్షన్ వేసే చోటు ఏది? పైన మెడ లిగమెంట్, కింద మెడ వెన్నుపూసలు, వెనక భుజం, ఈ మూడింటి మధ్య త్రికోణం. కుక్కకు రక్తం తీసే సెఫాలిక్ వెయిన్ ముంజేయి ముందు వైపు ఎక్స్‌టెన్సార్ కార్పై రేడియాలిస్ మీద నుంచి పోతుంది. నా క్లినిక్‌లో రోజుకు పదిసార్లు ఆ కండ మీద బొటనవేలు పెడతాను.

ఇక ఈ నెల రోజుల సంగతి. మొదటి వారం పుస్తకం పక్కన పెట్టి స్కాపులా, హ్యూమరస్, రేడియస్-అల్నా ఎముకలు చేతిలో పట్టుకుని కూర్చో, కళ్ళు మూసుకుని వేలితో తడిమి ఇది ఎడమా కుడా, ఇది గట్టా బుడిపా అని చెప్పగలిగేదాకా. ఎముక రాకుండా కండ రాదు. తర్వాత పాత చీర అంచులు గానీ రంగు రిబ్బన్లు గానీ తీసుకుని, ఒక్కో జట్టుకు ఒక్కో రంగు, అతుక్కునే చోట్లకు టేపుతో అంటించు. రేడియల్ జట్టంతా ఎరుపు అనుకో. రిబ్బన్ కీలుకు ముందు నుంచి పోతోందా వెనక నుంచా చూడు, పని నీకే తెలుస్తుంది, చదవాల్సిన అవసరం రాదు. నీ సొంత చెయ్యి వాడుకో, బకెట్ ఎత్తేటప్పుడు ఏది బిగుస్తోంది, తలుపు నెట్టేటప్పుడు ఏది బిగుస్తోంది అని పట్టుకుని చూసుకో.

డిసెక్షన్ హాల్లోకి అందరికన్నా ముందు వెళ్ళు, కిటికీలు తెరిపించి, మాస్కు, గ్లోవ్స్, కళ్ళకు అద్దాలు పెట్టుకో. ఫార్మలిన్‌కు కళ్ళు మండటం నీ చేతకానితనం కాదు, అది అందరి కళ్ళకూ మండేదే. నీళ్ళు కారుతుంటే బయటికొచ్చి కడుక్కుని మళ్ళీ వెళ్ళు. నీ పక్క టేబుల్ పిల్లతో మాట్లాడు. తమిళం రాకపోతే ఏం, కాలు మీద వేలు పెట్టి పేరు చెప్పు, ఆమె నరం చెప్తుంది. కండను వాళ్ళు తసై అంటారు, ఆ ఒక్క మాటతో మొదలుపెట్టు. నేను చదువుకునేటప్పుడు మధురై అమ్మాయితో కలిసి అలాగే చదివాను, ఇప్పటికీ పొంగల్‌కు ఫోన్ చేస్తుంది.

స్పాటింగ్‌లో పిన్ను కనపడగానే పేరు కోసం వెతుక్కోకు, పేరు ఆఖర్న వస్తుంది. ఇది కాలి బయటి వైపా లోపలి వైపా? ఏ కీలు దాటుతోంది? దాన్ని ముందు నుంచి దాటుతోందా, వెనక నుంచా? ఈ మూడూ చూసుకుంటే మిగిలేవి రెండో మూడో పేర్లు, అందులోంచి ఎంచడం కష్టం కాదు. దారి తప్పితే మారని గుర్తులు పట్టుకో. స్కాపులా గట్టు ముందూ వెనకా ఏవో నీకు తెలుసు, లోపలి వైపంతా సబ్‌స్కాపులారిస్. స్కాపులా వెనక అంచుకూ మోచేయి కొనకూ మధ్య త్రికోణం నింపే పెద్ద కండ ట్రైసెప్స్. ముంజేయి ముందు వైపు అన్నిటికన్నా పెద్దది ఎక్స్‌టెన్సార్ కార్పై రేడియాలిస్. ఈ నాలుగు చోట్ల నుంచి ఎటు వెళ్ళినా పక్కింటి పేరు దొరుకుతుంది.

పరీక్షకు ముందు ఒక శని, ఆదివారాలు ఇంటికి వెళ్ళిరా. పొద్దున్నే కొట్టంలో ఆవు లేచేముందు వెళ్ళి నిలబడు. గుర్రం ముందుకాళ్ళతో లేస్తుంది, ఆవు వెనక భాగం ముందు ఎత్తుతుంది, ఆ కాసేపు ముందు మోకాళ్ళ మీద, అంటే కార్పస్ మీద, ఆని ఉంటుంది, తర్వాత ఒక కాలు చాచి, రెండోది చాచి నిలబడుతుంది. మోకాళ్ళ మీద ఉన్నప్పుడు దాని ఛాతీ బరువును ఏ కండ మోస్తోంది, మొదటి కాలు చాచినప్పుడు మోచేయి దగ్గర ఏ కండ బిగిసింది, దాని నరం ఏది అని నాయనకు అక్కడే చెప్పు, నాకు ఉత్తరంలో రాయి.